సర్పికి నాటు మందా.. డాక్టర్ రాసిన మాత్రలా? హెర్పిస్‌లో మొదటి 3 రోజులే ఎందుకంత కీలకం?

నడుముకు ఒక పక్కన చర్మం ఎర్రగా కందిపోతుంది. నీటి పొక్కులు గుత్తులు గుత్తులుగా లేస్తాయి. చొక్కా తగిలినా ఓర్చుకోలేనంత మంట. పల్నాడు పల్లెల్లో ఇది చూడగానే ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట ‘సర్పి లేచింది, మంత్రం వేయించండి’ అని. ఇంకొకరు సున్నం రాయమంటారు. మరొకరు ఎర్రమట్టి పూయమంటారు. ఫోన్ తెరిస్తే ‘హెర్పిస్ 15 రోజుల్లో శాశ్వతంగా మాయం’ అని వీడియోలు వరుసగా వస్తాయి.

మరి ఇందులో ఏది నిజం? నాటు మందుతో తగ్గిందని చెప్పేవాళ్లంతా అబద్ధం చెబుతున్నారా? డాక్టర్ రాసే మాత్రలు నిజంగా రోగాన్ని పూర్తిగా పోగొడతాయా? ఈ రెండో ప్రశ్నకు సమాధానం చాలామందికి నచ్చదు. కానీ ముందు అది తెలిస్తేనే మిగతా లెక్క అర్థమవుతుంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు హెర్పిస్ అంటే ఏంటి?

హెర్పిస్ అనేది ఒక్క రోగం కాదు, ఒక వైరస్‌ల కుటుంబం. మనకు మామూలుగా ఎదురయ్యేవి మూడు.

మొదటిది హెచ్‌ఎస్‌వీ-1. పెదవి అంచున, ముక్కు కింద వచ్చే నీటి పొక్కులకు ఎక్కువగా ఇదే కారణం. జ్వరం తగ్గాక పెదవి మీద లేచే పొక్కులు ఇవే. చాలామందికి ఈ వైరస్ చిన్నప్పుడే, ముద్దుల ద్వారానో, లాలాజలం ద్వారానో అంటుకుని ఉంటుంది.

రెండోది హెచ్‌ఎస్‌వీ-2. ఇది ఎక్కువగా శృంగారం ద్వారా అంటుకుంటుంది. జననాంగాల దగ్గర పొక్కులు, పుండ్లు వస్తాయి. హెచ్‌ఎస్‌వీ-1 కూడా అక్కడ పుండ్లు తేగలదు.

మూడోది ఆటలమ్మ తెచ్చే వైరస్. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోయాక కూడా ఈ వైరస్ ఒంట్లోంచి పోదు. నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. వయసు మీద పడ్డాకో, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో మళ్లీ లేస్తుంది. అదే మనవాళ్లు సర్పి అనేది. ఇంగ్లిష్ వైద్యంలో హెర్పిస్ జోస్టర్, షింగిల్స్ అంటారు.

ఈ మూడింటికీ ఒక లక్షణం ఉమ్మడి. ఒకసారి ఒంట్లోకి వస్తే జీవితాంతం నరాల్లో దాక్కుని ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్ల లోపు వాళ్లలో సుమారు 380 కోట్ల మందికి, అంటే నూటికి 64 మందికి హెచ్‌ఎస్‌వీ-1 ఉంది. 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో దాదాపు 52 కోట్ల మందికి హెచ్‌ఎస్‌వీ-2 ఉంది. వీళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. అంటే హెర్పిస్ రావడం ఏదో పాపమో, శాపమో కాదు. మన చుట్టూ ఉన్నవాళ్లలో సగానికి పైగా మోస్తున్న వైరస్ ఇది.

సర్పి చుట్టుకుంటే మనిషి దక్కడా?

సర్పి నడుము చుట్టూ తిరిగి రెండు కొసలూ కలిస్తే ప్రాణం పోతుందని ఊళ్లలో గట్టి నమ్మకం. ఈ భయంతోనే చాలామంది ఆసుపత్రి కంటే ముందు మంత్రం వేసేవాళ్ల దగ్గరికి పరిగెడతారు.

అసలు విషయం ఏంటంటే, ఈ వైరస్ ఒక నరం వెంట బయటికి వస్తుంది. వెన్నులోంచి కుడి పక్కకు ఒక నరం, ఎడమ పక్కకు ఒక నరం వెళ్తాయి. వైరస్ ఏ నరంలో లేస్తే ఆ పక్కనే పట్టీలా పొక్కులు వస్తాయి. అందుకే సర్పి దాదాపు ఎప్పుడూ ఒంటికి ఒక పక్కనే ఉంటుంది, నడిమధ్య గీత దగ్గర ఆగిపోతుంది. మంత్రం వేసినా వేయకపోయినా అక్కడే ఆగుతుంది. అరుదుగా రెండు పక్కలా వచ్చినా, రెండు కొసలు కలవడం వల్ల ఎవరూ చనిపోరు. కాకపోతే పొక్కులు ఒంటి నిండా వస్తే రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిందని అనుమానించాలి. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

పల్నాడు ఎండకూ, పెదవి పొక్కులకూ లింకేంటి?

దాక్కున్న వైరస్ మళ్లీ లేవడానికి కొన్ని కారణాలు ఉంటాయి. జ్వరం, అలసట, నిద్ర లేకపోవడం, మనసులో దిగులు, ఆడవాళ్లలో నెలసరి. వీటితో పాటు పెదవి పొక్కుల విషయంలో ఎండ కూడా ఒక కారణం. మండే ఎండలోని అతినీలలోహిత కిరణాలు పెదవి చర్మాన్ని దెబ్బతీసినప్పుడు వైరస్‌కు సందు దొరుకుతుంది.

మన జిల్లాలోని రెంటచింతల పేరు ఏటా వేసవిలో ఉష్ణోగ్రతల వార్తల్లో వినిపిస్తూనే ఉంటుంది. మిరప కోతలు, కల్లాల పని, సున్నపురాయి క్వారీల పని, అంతా ఎండలోనే. ఎండాకాలం రాగానే పెదవి మీద పొక్కులు వస్తుంటే ‘ఏదో పురుగు పాకింది’ అనుకుని వదిలేయొద్దు. ప్రతిసారీ అదే చోట వస్తుంటే హెర్పిస్ అయ్యే అవకాశం ఎక్కువ. పనికి వెళ్లేటప్పుడు తలకూ ముఖానికీ తువ్వాలు చుట్టుకోవడం, టోపీ పెట్టుకోవడం ఏ ఖర్చూ లేని జాగ్రత్త.

నాటు మందుతో తగ్గినట్టు ఎందుకు అనిపిస్తుంది?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ‘మా బావకు ఆకు పసరుతో వారంలో తగ్గింది’ అని చెప్పే మనిషి అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే తగ్గి ఉంటుంది. అయితే తగ్గించింది పసరేనా అన్నదే ప్రశ్న.

పెదవి మీద హెర్పిస్ పొక్కులు ఏ మందూ వాడకపోయినా 7 నుంచి 10 రోజుల్లో, కొందరికి రెండు వారాల్లో ఎండిపోతాయి. జననాంగాల దగ్గర మళ్లీ మళ్లీ వచ్చే పుండ్లు కూడా అంతే. సర్పి పొక్కులు 2 నుంచి 4 వారాల్లో మానతాయి. ఒంట్లోని రక్షణ వ్యవస్థే వైరస్‌ను మళ్లీ నరంలోకి తరిమేస్తుంది.

ఇప్పుడు లెక్క వేసుకోండి. పొక్కులు లేచిన మూడో రోజు, బాధ బాగా ఎక్కువైనప్పుడు పసరు వైద్యుడి దగ్గరికి వెళ్తాం. ఆయన వారం రోజులు రాయమంటారు. పదో రోజుకు తగ్గుతుంది. క్రెడిట్ మొత్తం పసరుకు పోతుంది. అదే రోజు సున్నం రాసినవాళ్లకు సున్నం పనిచేసినట్టు, మంత్రం వేయించుకున్నవాళ్లకు మంత్రం పనిచేసినట్టు అనిపిస్తుంది. ఏమీ చేయనివాళ్లకు కూడా తగ్గింది, కానీ వాళ్ల వీడియో ఎవరూ తీయరు.

ఇంకో సంగతి. జననాంగ హెర్పిస్ మొదటి ఏడాదిలో ఎక్కువసార్లు తిరగబెడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ చాలామందిలో దానంతట అదే తగ్గుతూ వస్తుంది. ‘ఫలానా చూర్ణం రెండేళ్లు వాడితే మళ్లీ రాలేదు’ అనే మాట వెనుక ఉండేది చాలాసార్లు ఇదే.

కృష్ణపట్నం నేర్పిన పాఠం

ఇది తెలుగువాళ్లకు కొత్త అనుభవం కాదు. 2021 మే నెల గుర్తుందా? కరోనా రెండో వేవ్‌లో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేల మంది బారులు తీరారు. కళ్లలో చుక్కలు వేయగానే ఊపిరి అందిందని చెప్పిన ఒక పెద్దాయన వీడియో రాష్ట్రమంతా తిరిగింది. కొన్ని రోజులకు ఆయన నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రిలో చనిపోయారు. మొదటి వీడియో చూసినంత మంది రెండో వార్త చూడలేదు.

2021 మే 31న రాష్ట్ర ప్రభుత్వం తినే మందుకు అనుమతి ఇచ్చింది. అప్పుడు అధికారులు చెప్పింది జాగ్రత్తగా గమనించాలి. ఈ మందుతో హాని లేదని నివేదిక వచ్చిందన్నారు, అంతేగానీ దీనితో కరోనా తగ్గుతుందని ఆధారం లేదని కూడా స్పష్టంగా చెప్పారు. కంటి చుక్కలకు మాత్రం ఆ రోజు అనుమతి ఇవ్వలేదు.

‘హాని లేదు’ అనేది ఒక మాట. ‘పనిచేస్తుంది’ అనేది వేరే మాట. హెర్పిస్ మందుల ప్రకటనల్లో ఈ రెండింటినీ కలిపేసి చెబుతారు. అక్కడే మనం మోసపోయేది.

ఏ చిట్కాకు ఎంత ఆధారం ఉంది?

అన్ని చిట్కాలూ ఒకటి కాదు. కొన్నింటిని పరీక్షించి చూశారు. కొన్ని పనికిరావని తేలాయి. కొన్ని ప్రమాదం.

తేనె: న్యూజిలాండ్‌లో దొరికే కనుకా తేనెను 952 మంది మీద పరీక్షించారు. సగం మందికి తేనె, సగం మందికి పెదవి పొక్కులకు వాడే 5 శాతం ఎసైక్లోవిర్ క్రీమ్ ఇచ్చారు. ఫలితాలు 2019లో వచ్చాయి. క్రీమ్ వాడినవాళ్లకు 8 రోజులు, తేనె వాడినవాళ్లకు 9 రోజులు పట్టింది. పెద్ద తేడా లేదు. దీన్ని చూపించి ‘తేనె మందుతో సమానం’ అంటారు. కానీ క్రీమ్ కూడా పెదవి పొక్కులను తగ్గించేది మహా అయితే సగం రోజు ముందు. అంటే రెండింటి బలమూ తక్కువే. అసలు మందు మాత్రల్లో ఉంది, పైపూతలో కాదు. పైగా అది శుద్ధి చేసిన తేనె, వంటింట్లో సీసాలోది కాదు. ఇక ఏడాది లోపు పిల్లలకు తేనె ఇవ్వనే కూడదు.

లైసిన్ మాత్రలు: ఆన్‌లైన్‌లో హెర్పిస్ మందుగా బాగా అమ్ముడవుతాయి. పెదవి పొక్కులు తిరగబెట్టకుండా ఏవి ఆపుతాయో పరిశీలించిన కోక్రేన్ సమీక్ష 2015లో వచ్చింది. లైసిన్ ఆపుతుందనడానికి అందులో ఆధారం దొరకలేదు.

వేప, పసుపు: ప్రయోగశాలలో గాజు పాత్రల్లో వైరస్ మీద కొంత ప్రభావం చూపిన మొక్కల రసాలు చాలానే ఉన్నాయి. గాజు పాత్ర వేరు, మనిషి నరం వేరు. మనుషుల మీద సరైన పరీక్షలు చేసి ఇవి హెర్పిస్‌ను తగ్గిస్తాయని తేల్చిన ఆధారం లేదు. వేపాకులు వేసిన నీళ్లతో స్నానం చేస్తే హాయిగా ఉండొచ్చు. పచ్చి పుండు మీద ముద్ద పెట్టి కట్టు కడితే మాత్రం చీము పట్టే ప్రమాదం ఉంది.

సున్నం, జిల్లేడు పాలు, బూడిద, పేడ: వీటి జోలికి అసలు పోవద్దు. సున్నం, జిల్లేడు పాలు చర్మాన్ని కాలుస్తాయి. అప్పటికే పచ్చిగా ఉన్న పుండు ఇంకా లోతుగా మారుతుంది, మచ్చ మిగులుతుంది. పేడలో ధనుర్వాతం తెచ్చే క్రిములు ఉండొచ్చు.

పేరు లేని భస్మాలు: 2008లో అమెరికా వైద్య పత్రిక జామాలో ఒక పరిశీలన వచ్చింది. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే దాదాపు ఐదింట ఒక దానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. లేబుల్ లేని పొట్లంలో ఏముందో తినేవాళ్లకు తెలిసే దారే లేదు. సీసం, పాదరసం నెలల తరబడి ఒంట్లో చేరితే నరాలకు, మూత్రపిండాలకు ముప్పు.

స్టెరాయిడ్ క్రీములు: ఇది నాటు మందు కాదు, మెడికల్ షాపులో దొరికేదే. దురద, దద్దురు ఏదైనా ఒకే ట్యూబు రాసేయడం మనకు అలవాటు. హెర్పిస్ పుండు మీద స్టెరాయిడ్ రాస్తే వైరస్‌కు దారి తెరిచినట్టే. ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా వాడకం ఆగలేదు. సర్పి నొప్పి తగ్గడం లేదని పరీక్ష ఏదీ లేకుండా వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల విషయంలోనూ జాగ్రత్తగా ఉండాలి.

మరి డాక్టర్ రాసే మాత్రలు ఏం చేస్తాయి?

హెర్పిస్‌కు వాడే ప్రధాన మందు ఎసైక్లోవిర్. అదే కుటుంబంలో వాలసైక్లోవిర్, ఫామ్‌సైక్లోవిర్ ఉన్నాయి. ఎసైక్లోవిర్‌కు అమెరికాలో మొదటిసారి 1982లో అనుమతి వచ్చింది. దీని వెనుక ఉన్న శాస్త్రవేత్తల్లో ఒకరైన గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ బహుమతి దక్కింది.

ఈ మందు పనిచేసే తీరు తెలివైనది. మామూలు కణంలో ఇది దాదాపు ఊరికే పడి ఉంటుంది. వైరస్ పట్టిన కణంలోకి వెళ్లినప్పుడు, వైరస్ తయారుచేసుకున్న ఎంజైమే ఈ మందును నిద్రలేపుతుంది. లేచిన మందు వైరస్ పిల్లలు పెట్టకుండా అడ్డుకుంటుంది. అందుకే మన కణాలకు హాని తక్కువ.

ఇప్పుడు ముందే చెప్పిన చేదు నిజం. ఈ మాత్రలు కూడా హెర్పిస్‌ను ఒంట్లోంచి పూర్తిగా తీసేయలేవు. నరాల్లో నిద్రపోతున్న వైరస్ పిల్లలు పెట్టడం లేదు కాబట్టి మందుకు దొరకదు. ఇవి చేసేది మూడు పనులు. పుండ్లు త్వరగా మానేలా చేస్తాయి. తరచూ వచ్చేవాళ్లలో రోజూ వాడితే తిరగబెట్టడం బాగా తగ్గుతుంది. ఇతరులకు అంటే అవకాశం తగ్గుతుంది.

ఈ మూడోదానికి లెక్క కూడా ఉంది. 1,484 జంటల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2004లో వచ్చాయి. జంటలో ఒకరికి హెచ్‌ఎస్‌వీ-2 ఉంది, ఇంకొకరికి లేదు. ఉన్నవాళ్లలో కొందరు 8 నెలలు రోజుకొక వాలసైక్లోవిర్ మాత్ర వేసుకున్నారు. మాత్ర వేసుకున్న జంటల్లో రెండోవాళ్లకు వైరస్ అంటడం దాదాపు సగానికి తగ్గింది. పూర్తిగా ఆగలేదు, కానీ సగం తగ్గింది. ఇలా లెక్కతో సహా చెప్పగలగడమే పరీక్షించిన మందుకూ, చెప్పుడు మాటకూ ఉన్న తేడా.

అలాగని సొంతంగా కొనుక్కుని మింగేయొద్దు. పెదవి పొక్కులకు ఒక మోతాదు, జననాంగ హెర్పిస్‌కు ఒకటి, సర్పికి అంతకంటే బాగా ఎక్కువ. తక్కువ మోతాదు వాడితే ఫలితం ఉండదు. మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్లకు మోతాదు తగ్గించాలి. మందు వాడినన్ని రోజులు నీళ్లు బాగా తాగాలి, ఎండలో పనిచేసేవాళ్లు మరీ ముఖ్యంగా.

72 గంటల లెక్క ఇదే!

సర్పికి మందు పొక్కులు కనిపించిన 72 గంటల లోపు, అంటే 3 రోజుల్లో మొదలుపెట్టాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. వైరస్ జోరుగా పెరిగేది అప్పుడే. ఆ తర్వాత మందు వేసినా ఒంట్లోని రక్షణ వ్యవస్థ అప్పటికే పని మొదలుపెట్టి ఉంటుంది, మందుతో కలిగే లాభం తగ్గుతుంది. 3 రోజులు దాటినా కొత్త పొక్కులు ఇంకా లేస్తుంటే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

నాటు మందు వల్ల పోయే అసలు నష్టం ఇక్కడే ఉంది. మాచర్ల పక్క పల్లెలో ఒకరికి సోమవారం సర్పి లేచిందనుకోండి. మంగళవారం మంత్రం, బుధవారం ఎర్రమట్టి, గురువారం ‘చూద్దాం’, శుక్రవారం నరసరావుపేట బస్సు. పసరు హాని చేయకపోవచ్చు. అది తినేసిన నాలుగు రోజులు మాత్రం తిరిగి రావు.

సర్పి మానిన తర్వాత కూడా కొందరికి నెలల తరబడి అదే చోట మంట, పోట్లు మిగిలిపోతాయి. వయసు పెరిగేకొద్దీ ఈ ముప్పు ఎక్కువ. మాత్రలు ముందే వేసుకుంటే ఈ నొప్పి అసలు రాదని గ్యారంటీ ఇవ్వలేం. కానీ పొక్కులు త్వరగా మానడం, మొదటి వారాల నొప్పి తగ్గడం నిజం. నరాల నొప్పికి వేరే మందులు ఉన్నాయి, అవి కూడా డాక్టర్ రాయాల్సినవే. 50 ఏళ్లు దాటినవాళ్లకు సర్పి రాకుండా 2 డోసుల టీకా 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. ధర ఎక్కువే. వేయించుకోవాలా వద్దా అన్నది డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

వీళ్లు ఒక్క రోజు కూడా ఆగకూడదు

కన్ను: నుదుటి మీద, కనురెప్ప మీద, ముఖ్యంగా ముక్కు కొన మీద సర్పి పొక్కులు వస్తే కంటికి ముప్పు ఉన్నట్టు గుర్తు. ముక్కు కొనకూ, కంటికీ వెళ్లేది ఒకే నరం శాఖలు. ఆలస్యమైతే చూపు పోవచ్చు. హెచ్‌ఎస్‌వీ కూడా కంటి నల్లగుడ్డు మీద పుండు చేయగలదు. కంట్లో ఆకు పసరు, ఆముదం, చనుబాలు వేయడం, ఇంట్లో మిగిలిన చుక్కల మందు వేయడం రెండూ ప్రమాదమే. ఒకసారి కంటి హెర్పిస్ వచ్చిన 703 మందిని పరీక్షించి 1998లో ప్రకటించిన ఫలితాల్లో, ఏడాది పాటు ఎసైక్లోవిర్ మాత్రలు వాడినవాళ్లలో నూటికి 19 మందికే తిరగబెట్టింది. వాడనివాళ్లలో నూటికి 32 మందికి తిరగబెట్టింది.

గర్భిణులు: చివరి 3 నెలల్లో మొదటిసారి జననాంగ హెర్పిస్ వస్తే కాన్పు సమయంలో బిడ్డకు అంటే ప్రమాదం ఎక్కువ. అప్పుడే పుట్టిన బిడ్డకు హెర్పిస్ ప్రాణాంతకం. సిగ్గుపడి దాచొద్దు, డాక్టర్‌కు చెప్పాలి. ఎప్పటి నుంచో ఉన్నవాళ్లకు ముప్పు చాలా తక్కువ, కంగారు పడక్కర్లేదు.

పసిబిడ్డలు: పెదవి మీద పొక్కులు ఉన్నవాళ్లు బాలింత ఇంటికి వెళ్లి బిడ్డను ముద్దు పెట్టుకోవద్దు. ఎంత దగ్గరి బంధువైనా సరే.

హెచ్‌ఐవీ, క్యాన్సర్ చికిత్స, మూత్రపిండాల మార్పిడి జరిగినవాళ్లు: వీళ్లలో హెర్పిస్ వేగంగా ముదురుతుంది. ఎవరికైనా సరే పొక్కులతో పాటు విపరీతమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, ఫిట్స్ ఉంటే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

సిగ్గుతో దాస్తున్నారా? ఉచిత మందు ఉంది

జననాంగ హెర్పిస్ విషయంలో జనాన్ని నాటు వైద్యం వైపు నెట్టేది నమ్మకం కంటే సిగ్గు. ఊళ్లో ఆసుపత్రికి వెళ్తే తెలిసినవాళ్లు కనపడతారు. మెడికల్ షాపులో అడగాలంటే మొహమాటం. అందుకే పేరు చెప్పకుండా కొరియర్‌లో వచ్చే డబ్బాకు వేలకు వేలు పోస్తారు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కింద ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ‘సురక్ష క్లినిక్’లు నడుస్తున్నాయి. సుఖవ్యాధులకు అక్కడ రంగు రంగుల కిట్లలో మందులు ఉచితంగా ఇస్తారు. అందులో ఎరుపు రంగు కిట్ హెర్పిస్ పుండ్లదే. లోపల ఉండేది ఎసైక్లోవిర్ మాత్రలు. పల్నాడు వాళ్లకు గుంటూరు జీజీహెచ్‌లో చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097 టోల్ ఫ్రీ నంబర్‌కు ఫోన్ చేయొచ్చు, పేరు చెప్పక్కర్లేదు.

పరీక్షకు వెళ్తే ఇంకో లాభం. పుండు ప్రతిసారీ హెర్పిస్ కాకపోవచ్చు. సిఫిలిస్ పుండు కూడా దానంతట అదే మానిపోతుంది, కానీ రోగం లోపల ముదురుతుంది. దానికి మందు వేరు, అది పూర్తిగా నయమవుతుంది. నాటు మందుతో ‘తగ్గింది’ అనుకుంటే ఆ అవకాశం పోతుంది. పైగా హెచ్‌ఎస్‌వీ-2 ఉన్నవాళ్లకు హెచ్‌ఐవీ అంటే ముప్పు సుమారు మూడు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కండోమ్ వాడితే రెండింటి ముప్పూ తగ్గుతుంది.

భార్యాభర్తలకు ఒక మాట. వైరస్ ఒంట్లో ఏళ్ల తరబడి ఏ గుర్తూ లేకుండా ఉండొచ్చు. పుండు ఈరోజు వచ్చిందంటే వైరస్ నిన్న అంటిందని అర్థం కాదు. పెళ్లికి ముందెప్పుడో వచ్చి ఉండొచ్చు. ఒక్క పుండు చూసి అనుమానంతో కాపురం కూల్చుకోవద్దు. ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

‘శాశ్వతంగా మాయం’ ప్రకటనకు చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో 1954 నుంచే డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమిడీస్ చట్టం ఉంది. కొన్ని రోగాలను నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడమే నేరం. ఆ జాబితాలో సుఖవ్యాధులు కూడా ఉన్నాయి. మంత్రాలు, తాయెత్తులతో నయం చేస్తామని ప్రకటన ఇచ్చినా ఇదే చట్టం వర్తిస్తుంది. మొదటిసారి తప్పుకు 6 నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది వరకు జైలు.

ఇలాంటి ప్రకటనల్లో ‘ఐజీజీ రిపోర్ట్ నెగెటివ్ చేస్తాం’ అని కనిపిస్తే ఇంకా జాగ్రత్త. ఐజీజీ అంటే వైరస్ కాదు. వైరస్‌ను ఒళ్లు ఎదుర్కొన్నదనడానికి గుర్తుగా మిగిలే యాంటీబాడీ. ఆ అంకె ల్యాబ్‌కు ల్యాబ్‌కు, నెలకు నెలకు అటూ ఇటూ మారుతుంది. అంకె తగ్గితే రోగం తగ్గినట్టు కాదు, పెరిగితే ముదిరినట్టూ కాదు. రిపోర్ట్‌లో ఆ మార్పును చూపించి నెల నెలా మందు అమ్మితే అది వైద్యం కాదు, వ్యాపారం.

డబ్బు కట్టే ముందు ఈ 5 ప్రశ్నలు అడగండి

ఆయుర్వేదమైనా, హోమియో అయినా, అల్లోపతి అయినా ఇవే ప్రశ్నలు. ఒకటి, ఇది హెర్పిసేనని ఎలా తేల్చారు? రెండు, ఈ మందు వాడనివాళ్లతో పోల్చి ఎంత మందిలో చూశారు? మూడు, ఇందులో ఏమేం కలిపారు, లేబుల్ మీద తయారీ లైసెన్స్ నంబర్ ఉందా? నాలుగు, నా బీపీ, షుగర్, కిడ్నీ మందులతో కలిస్తే ఏమవుతుంది? ఐదు, తగ్గకపోతే ఎన్నో రోజున వేరే డాక్టర్ దగ్గరికి పంపిస్తారు?

డిగ్రీ ఉన్న ఆయుర్వేద డాక్టర్ ఈ ప్రశ్నలకు విసుక్కోరు. విసుక్కున్నారంటే, ‘అల్లోపతి మాత్రలు వెంటనే ఆపేయండి’ అన్నారంటే, పూర్తిగా మాయం చేస్తానని హామీ ఇచ్చారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. హెర్పిస్‌ను పూర్తిగా పోగొట్టే మందు ఈరోజుకి ప్రపంచంలో ఎక్కడా లేదు. హెచ్‌ఎస్‌వీకి టీకా కూడా ఇంకా రాలేదు.

ఇంట్లో పెద్దవాళ్లు మంత్రం వేయిస్తేనే మనశ్శాంతి అంటే గొడవ పడక్కర్లేదు. పుండు మీద ఏమీ పూయనంత వరకు మంత్రంతో హాని లేదు. కాకపోతే వరుస మార్చండి. ముందు ఆసుపత్రి, మొదటి మాత్ర వేసుకున్నాక మంత్రం. ఈరోజు మీ ఇంట్లో ఎవరికైనా ఒక పక్కన మంటతో పొక్కులు లేస్తే, అవి మొదట ఏ రోజు కనిపించాయో గుర్తుపెట్టుకుని డాక్టర్‌కు చెప్పండి. ఆయన అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.

ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందుల ఎంపిక, మోతాదు విషయంలో డాక్టర్ సలహానే పాటించాలి.